చేతికి అంటించే షుగర్ సెన్సర్: ఆరు నెలలు వాడాక

మా ఆయనకు టైప్ 1 షుగర్ వచ్చి 22 ఏళ్లు. షుగర్ పడిపోయే ముందు రావాల్సిన వణుకు, చెమట ఆయనకు తెలియడం మానేశాయి. ఒకసారి కమలానగర్‌లో బండి మీద ఉండగానే మాట తడబడింది. ఆ రోజు నుంచి రాత్రి రెండింటికి లేచి ఆయన నుదురు తడిమి చూసేదాన్ని.

బెంగళూరు డాక్టరుగారు ఐలెట్ కణాల (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు) మార్పిడి గురించి చెప్పారు. దాత క్లోమం నుంచి తీసిన కణాలను కాలేయానికి వెళ్లే సిరలోకి ఎక్కిస్తారు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు ఏడుగురికి ఇలా చేసి ఇన్సులిన్ మాన్పించగలిగారు. అమెరికా 2023లో ఇలాంటి చికిత్సకు అనుమతి ఇచ్చింది. మళ్లీ ఇన్సులిన్ అవసరమైనవాళ్లకు కూడా షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం బాగా తగ్గుతుందట. నాకు కావాల్సింది అదే! కానీ రోగనిరోధక శక్తిని అణిచే మందులు మానకుండా వాడాలి. అందుకే ముందు సెన్సర్ పెట్టి చూద్దామన్నారు.

దండచేతికి అంటిస్తే 14 రోజులు పనిచేస్తుంది. షుగర్ 70 కిందికి పోతే ఫోన్ మోగుతుంది. మొదటి వారంలోనే తెల్లవారుజామున మూడింటికి మోగింది, చూస్తే 58. గ్లూకోజు నీళ్లు తాగించి, అంకె పైకి వచ్చేదాకా పక్కనే కూర్చున్నా. ఉగ్గాణి తిన్న పూట ఫోన్‌లో షుగర్ గీత ఎంత నిటారుగా లేస్తుందో కూడా అప్పుడే చూశాం.

లోపాలూ ఉన్నాయి. మే నెల చెమటకు ఒకటి తొమ్మిదో రోజే ఊడింది, మార్చివ్వలేదు. సెన్సర్ అంకె రక్తంలోని షుగర్ కంటే కొన్ని నిమిషాలు వెనకే ఉంటుంది, అనుమానమొస్తే వేలు గుచ్చాల్సిందే. నెలకు రెండు కొనాలంటే భారమే.

అయినా కొంటాను. ఇప్పుడు ఆయన పొద్దున్నే ఒక్కరే టవర్ క్లాక్ దాకా నడిచి వస్తున్నారు.