మైనేతా సైట్ రివ్యూ: ఆస్తులు కనిపిస్తాయి, అలవెన్సులు కనిపించవు

మైనేతా డాట్ ఇన్ఫో అనేది ఎన్నికల్లో నిలబడినవాళ్ల అఫిడవిట్లు వెతుక్కునే సైట్. ఫ్రీ. పేరు కొట్టి చూసుకోవడానికి ఆధార్ అడగదు, ఓటీపీ అడగదు. రోజంతా క్లయింట్లకి ఫోన్ చేసి "ఓటీపీ వచ్చిందా అండీ, ఒకసారి చెప్పండి" అని అడుక్కునే వృత్తి నాది కాబట్టి, ఈ ఒక్క సుఖానికే ఒక స్టార్ ఇచ్చేస్తున్నాను.

తెనాలిలో ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేసిపెట్టే చిన్న ఆఫీసు మాది. జూలై వచ్చిందంటే టీచర్లు, బ్యాంకు వాళ్లు, పింఛనుదార్లు ఫారం 16 (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపే కాగితం) పట్టుకుని బారులు తీరతారు. తమ టర్ను వచ్చేదాకా వాళ్ల కబుర్లన్నీ రాజకీయమే. "మా జీతంలో పైసాతో సహా లెక్కగట్టి కోస్తారు, ఎమ్మెల్యేలకి ఎంపీలకి మాత్రం అన్నీ ఫ్రీ" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఆ మాట వచ్చినప్పుడు మానిటర్ వాళ్లవైపు తిప్పి ఈ సైట్ తెరుస్తాను. అలా ఇది మా ఆఫీసులో బాగా నలిగిన సైట్.

దీన్ని నడిపేది అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, పొట్టిగా ఏడీఆర్. అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు 1999లో మొదలుపెట్టారు. అభ్యర్థులు ఆస్తులు, అప్పులు, కేసులు చెప్పి తీరాలని 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కూడా వీళ్లు వేసిన కేసులోనే. ఆ తీర్పు లేకపోతే ఈ సైట్లో పెట్టడానికి సరుకే ఉండేది కాదు.

రాష్ట్రం, నియోజకవర్గం, పేరు ఎంచుకుంటే పేజీ వస్తుంది. పైన మొత్తం ఆస్తి, అప్పు, కేసుల సంఖ్య. కింద పట్టికలు: చేతిలో నగదు, డిపాజిట్లు, షేర్లు, బంగారం, పొలం, ఇల్లు. భార్యదో భర్తదో వేరే గడి, పిల్లలవి వేరే గడి. 2019 నుంచి ఐదేళ్ల ఐటీ రిటర్నుల్లో చూపిన ఆదాయం కూడా అఫిడవిట్లో రాయాల్సిందే కాబట్టి అదీ కనిపిస్తుంది. పెద్ద అంకె పక్కనే "ఇన్ని కోట్లు పైన", "ఇన్ని లక్షలు పైన" అని పొట్టిగా వేస్తారు. సున్నాలు లెక్కపెట్టుకునే బాధ తప్పింది. అదే మనిషి ఇంతకు ముందు ఎన్నికల్లో ఏం చెప్పాడో చూసుకునే వీలుండటం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. రెండు అఫిడవిట్లు పక్కపక్కన పెడితే మా వాళ్లు ఎవరూ మాట్లాడరు, కాసేపు చదువుకుంటారు.

మా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారి పేజీ మా ఆఫీసులో ఎక్కువసార్లు తెరుచుకుని ఉంటుంది. సొంతూరు బుర్రిపాలెం, మాకు పక్క ఊరే కాబట్టి ఆసక్తి సహజం. 2024లో కుటుంబం మొత్తం ఆస్తి 5,700 కోట్ల పైన అని చూపించారు. ఆ ఏడాది లోక్‌సభకి గెలిచినవాళ్లలో అందరికంటే ధనవంతుడు ఆయనే. అమెరికాలో యూవరల్డ్ అనే ఆన్‌లైన్ పరీక్షల శిక్షణ కంపెనీ పెట్టి సంపాదించారు. రాజకీయాల్లోకి రాకముందు సంపాదన, దాచకుండా రాసిన సంపాదన. దాంట్లో నాకు పేచీ లేదు.

నా లెక్క వేరు. ఎంపీ జీతం ఇప్పుడు నెలకి 1,24,000. 2025 మార్చిలో నోటిఫికేషన్ ఇచ్చి, 2023 ఏప్రిల్ నుంచి లెక్కేసి పెంచారు. ఏడాదికి 14 లక్షల 88 వేలు. ఆ జీతం రూపాయి ఖర్చుపెట్టకుండా దాచినా 5,700 కోట్లు కావడానికి 38 వేల ఏళ్లు పడుతుంది. కాలిక్యులేటర్ మీద కొట్టి చూపిస్తే మా మాస్టారొకాయన "అయితే జీతం ఎత్తేస్తే సరి కదమ్మాయ్, ఎవడికి నష్టం?" అన్నారు. నష్టం పెమ్మసాని గారికి కాదు మాస్టారూ, గుమ్మడి నర్సయ్య గారి లాంటివాళ్లకి అన్నాను. ఇల్లెందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యే అయి, బస్సులో తిరిగిన మనిషి ఆయన. జీతం తీసేస్తే మిగిలేది డబ్బున్నవాళ్లే. అసలే దేశం సంపదలో 40 శాతం పైన ఒక్క శాతం మంది చేతిలో ఉందని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వాళ్లు 2022-23 లెక్క తేల్చారు. చట్టసభలు కూడా వాళ్లకే రాసిచ్చేయడానికి మన చేత్తో మనం దారి వేయడమెందుకు?

అసలు కిటుకు జీతంలో లేదు, అలవెన్సుల్లో ఉంది. ఈ సైట్ చూపించలేనిదీ అదే.

2016లో తెలంగాణ ఎమ్మెల్యే జీతభత్యాలు 95 వేల నుంచి రెండున్నర లక్షలకి పెరిగాయి. అందులో జీతం అనే పేరు మీద ఉన్నది 20,000. మిగతా 2,30,000 నియోజకవర్గ భత్యం. ఇలా ఎందుకు విడగొట్టారా అని మామూలు జనం ఆలోచించరు గానీ, రిటర్నులు వేసేవాళ్లకి చూడగానే వెలుగుతుంది. 1961 నాటి ఇన్‌కం ట్యాక్స్ చట్టం సెక్షన్ 10(17) ప్రకారం ఎమ్మెల్యే నియోజకవర్గ భత్యానికి పన్ను లేదు. కొత్త రెజీమ్‌లో ఈ మినహాయింపు దొరకదు, పాత రెజీమ్ పెట్టుకుంటే దొరుకుతుంది (రెజీమ్ అంటే పన్ను లెక్కగట్టే పద్ధతి, రెండిట్లో ఒకటి ఎంచుకోవచ్చు). పాత రెజీమ్‌లో ఏడాదికి పన్ను పడే జీతం 2,40,000. రెండున్నర లక్షల లోపు పన్నే లేదు. అంటే వేరే ఆదాయం లేని ఎమ్మెల్యే ఏడాదికి 30 లక్షలు తీసుకుని పన్ను సున్నా కట్టొచ్చు, పూర్తిగా చట్టబద్ధంగా. అదే 30 లక్షలు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి జీతంగా తీసుకుంటే, 2025-26 కొత్త రెజీమ్ రేట్లలో నేను కట్టించే పన్ను 4,75,800.

ఇప్పుడు మైనేతాలో ఐటీ రిటర్నుల గడి చూడండి. అక్కడ వచ్చేది రిటర్నులో తేలిన మొత్తం ఆదాయం, అంటే మినహాయింపులు పోగా మిగిలింది. 27 లక్షల 60 వేల భత్యం ఆ గడిలోకి రాదు. చూసినవాడు "పాపం, మా ఎమ్మెల్యే ఆదాయం ఏడాదికి రెండు లక్షల చిల్లరేనా" అనుకునే ప్రమాదం ఉంది. తప్పు సైట్‌ది కాదు, అఫిడవిట్లో ఏముంటే అదే ఎక్కిస్తారు. కానీ పక్కన ఒక చిన్న నోటు పెట్టొచ్చు కదా: ఈ పదవికి నెలకి జీతం ఇంత, భత్యం ఇంత, దానిలో పన్ను పడేది ఇంత అని. ఒక్క గడి. నాకు సైట్ మీద ఉన్న పెద్ద కోరిక ఇదే.

రెండో గడి పింఛను. మా దగ్గరికి వచ్చే టీచర్లలో 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లంతా సీపీఎస్, అంటే జీతంలోంచి కోసి మార్కెట్లో పెట్టే పింఛను పథకం. నెలనెలా బేసిక్, డీఏ మీద పది శాతం కోత. రిటైరయ్యాక ఎంత వస్తుందో మార్కెట్‌ని అడగాలి. మాజీ ఎంపీకి మాత్రం నెలకి 31,000 ఖాయం, ఐదేళ్లు దాటితే దాటిన ఒక్కో ఏడాదికీ ఇంకో 2,500. పంజాబ్‌లో 2022లో ఎన్నిసార్లు గెలిచినా ఒకే పింఛను అని చట్టం చేశారు. మా సీపీఎస్ మేడమ్ ఒకావిడ ఆ వార్త ఫోన్లో సేవ్ చేసి పెట్టుకున్నారు, వచ్చినప్పుడల్లా చూపిస్తారు.

"అయితే ఏం చేయాలంటావ్?" అని అడుగుతారు. నా వృత్తి బుద్ధికి తోచింది చెప్తాను. భత్యాలన్నీ జీతంలో కలిపేసి, నా క్లయింట్ల మాదిరే పన్ను కట్టించాలి. కావాలంటే జీతం ఇంకాస్త పెంచండి, నాకు అభ్యంతరం లేదు. ఎంత పెంచాలో మాత్రం తీసుకునేవాళ్లు తేల్చకూడదు. ఎంపీల పెంపును 2018 నుంచి ధరల సూచీకి ముడిపెట్టారు, అది నయం. రాష్ట్రాల్లో మాత్రం పెంపు బిల్లును ఎమ్మెల్యేలే పాస్ చేసుకుంటారు. 2025 మార్చిలో కర్ణాటకలో ఎమ్మెల్యే జీతం 40,000 నుంచి 80,000 చేసిన బిల్లు సభలో గొడవ జరుగుతుండగానే పాసైపోయింది. బ్రిటన్‌లో ఎంపీల ఖర్చుల కుంభకోణం బయటపడ్డాక 2009లో దీనికోసం వేరే స్వతంత్ర సంస్థే పెట్టారు.

సరే, మళ్లీ సైట్‌కి వస్తాను. అంకెల పేజీలు ఇంగ్లీషులో ఉంటాయి, కాబట్టి మా పెద్దవాళ్లకి పక్కన కూర్చుని చెప్పాలి. పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ అఫిడవిట్లో ఎలా ఉంటే అలాగే ఉంటుంది, అందుకని పేరుతో వెతకడం కంటే నియోజకవర్గం మీదుగా వెళ్లడం సుఖం. ఫోన్లో కంటే కంప్యూటర్లో పట్టికలు బాగా కనిపిస్తాయి. పొలాల, ఇళ్ల విలువ అభ్యర్థి రాసిచ్చిందే, ఎవరూ వెళ్లి కొలిచింది కాదు. ఎన్నికకీ ఎన్నికకీ మధ్య ఏం జరిగిందో తెలియదు, మళ్లీ నామినేషన్ వేసేదాకా ఆగాలి. అనుమానం వస్తే అసలు అఫిడవిట్ స్కాన్ కాపీ తెరిచి పోల్చుకోండి. నోటరీ ముద్ర, సంతకంతో సహా అన్నీ కనిపిస్తాయి.

ఐదుకి నాలుగు. జీతం, భత్యం, పింఛను గడులు పెట్టిన రోజున ఐదో స్టార్ ఇస్తాను. ఈలోగా మా ఆఫీసుకి వచ్చి మీ ఎమ్మెల్యే పేజీ ప్రింటు కావాలంటే తీసిస్తాం, పేజీకి రెండు రూపాయలు. జూలై ఆఖరి వారంలో మాత్రం దయచేసి అడక్కండి.