బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ రివ్యూ: ఒక్క పేపర్ కాదు, ఒకే ఊరి రెండు పేపర్లు తెరవండ్రి

సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాల్నా వద్దా అని అడిగేటోళ్లకు ముందే చెప్తున్న, రాజకీయాలంటే పిచ్చి ఉన్నోళ్లు ఒక్క నెలకైనా తీసుకోండ్రి. బ్రిటిష్ లైబ్రరీ, ఫైండ్‌మైపాస్ట్ కంపెనీ కలిసి నడిపే సైటు ఇది, 2011 నవంబర్‌లో మొదలైంది, పాత పేపర్లను పేజీకి పేజీ స్కాన్ చేసి పెట్టిండ్రు. అక్కడోళ్లు చాలామంది దీంట్ల తాతముత్తాతల పేర్లు వెతుక్కుంటరు. మనకు అక్కడ తాతలు లేరు గాని విక్టోరియా రాణి కాలం నాటి జిల్లా పేపర్ల కొట్లాటలు ఉన్నయి, అవి చదివితే నల్గొండోళ్లకు అస్సలు పరాయిగ అనిపించవు. ఏ పేపర్ ఏ పార్టీదో హోటల్ల చాయ్ తాగే పెద్దమనిషికి కూడ ఎరికే మన దగ్గర, ఒకే మీటింగుకు ఒక పేపర్ జనసంద్రం అని హెడ్డింగ్ పెడితే ఇంకోటి ఖాళీ కుర్చీల ఫోటో ఏస్తది.

ముందుగాల ఇంగ్లండ్‌ల యార్క్‌షైర్ దిక్కున్న లీడ్స్ ఊరు పట్టుకోండ్రి. లీడ్స్ మెర్క్యురీ అంటే సంస్కరణలు కావాలనే లిబరళ్లది, దాని ఓనర్ ఎడ్వర్డ్ బెయిన్స్. లీడ్స్ ఇంటెలిజెన్సర్ అంటే పాత పద్ధతులే నయమనే టోరీలది, తర్వాత కన్జర్వేటివులు అన్నది వీళ్లనే. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే ప్రతి పోరడు చదివే మెకాలే ఉన్నడు గదా, ఆయన అప్పుడు లీడ్స్ ఎంపీ, 1834లో ఆయన ఇండియాకు వచ్చేస్తే ఖాళీ అయిన సీట్ల నిలబడి గెల్చింది ఈ బెయిన్సే. పేపర్ ఓనరే ఎంపీ అన్నట్టు, తర్వాత కొడుకు కూడ అదే ఊరికి ఎంపీ అయిండు. ఇగ ఎదుటి పేపర్ ఊకుంటదా?

నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది మిల్లుల పిల్లల సంగతి. ఇది రాణి గద్దెనెక్కక ముందటిదే గాని తర్వాతి కొట్లాటకంత వేరు ఇక్కడ్నే ఉన్నది. రిచర్డ్ ఓస్ట్లర్ అనే ఆయన 1830లో, యార్క్‌షైర్ మిల్లులల్ల పసిపిల్లలతోని చేయించే చాకిరి బానిసత్వం కంటే తక్కువ కాదని రాసిన ఉత్తరం మొదలు అచ్చయింది మెర్క్యురీలనే, లిబరల్ పేపర్‌ల. కాని మెర్క్యురీకి బలం మిల్లు ఓనర్లు, చట్టం తెచ్చి పనిగంటలు తగ్గియ్యాలె అనే మాట కాడికి వచ్చేసరికి పేపర్ వెనక్కి జరిగింది, ఆయన ఇంకో ఉత్తరాన్ని కోసి వేసిండ్రు, దాంతోని ఓస్ట్లర్ టోరీల ఇంటెలిజెన్సర్‌కు పోయి అందుల రాసుడు షురూ చేసిండు. అంటే కూలిపిల్లల పక్కన నిలబడ్డది మనం పాతకాలపోళ్లు అనుకునే టోరీ పేపర్, అడ్డం తిరిగింది సంస్కరణల పేపర్. మెర్క్యురీ ఒక్కటే చదివినోనికి ఈ ముచ్చట సగమే తెలుస్తది. మిల్లులల్ల ఆడోళ్లు, పిల్లల పని రోజుకు పది గంటలు దాటొద్దనే చట్టం 1847లో గాని రాలే.

అదే ఊర్ల మూడో పేపర్ ఇంకోటి, నార్తర్న్ స్టార్, 1837లో ఫియర్గస్ ఓకానర్ పెట్టింది, మగోళ్లందరికి ఓటు కావాలన్న చార్టిస్టులది. నాలుగున్నర పెన్నీల ధర ఆ రోజులల్ల కూలోనికి బరువే, అందుకే నలుగురు కలిసి కొనుక్కునేటోళ్లు, సారా దుకాణంల ఒకరు పైకి చదివితే మిగతోళ్లు వినేటోళ్లు. 1839లో వారానికి 30 వేలకు పైనే పోయింది. ఈ మూడు పేపర్లు ఒకే వారానివి పక్కపక్కన తెరుచుకొని కూసుంటే పొద్దు ఎప్పుడు గూకిందో తెల్వది.

ధర సంగతి వచ్చింది కాబట్టి, పేపర్ మీద స్టాంపు పన్ను 1836 దాక 4 పెన్నీలు ఉండె, ఆ ఏడు ఒక పెన్నీకి దించిండ్రు, 1855లో తీసేసిండ్రు. ఇగ చూడాలె, షెఫీల్డ్ టెలిగ్రాఫ్, లివర్‌పూల్ డైలీ పోస్ట్ అన్నీ ఆ ఏడే పుట్టినయి, జిల్లా ఊర్లకు దినపత్రికలు వచ్చినయి. 1866లో కన్జర్వేటివులు ఏకంగ యార్క్‌షైర్ కన్జర్వేటివ్ న్యూస్‌పేపర్ కంపెనీ అని పెట్టి ఇంటెలిజెన్సర్‌ను కొని యార్క్‌షైర్ పోస్ట్ చేసిండ్రు. కంపెనీ పేర్లనే పార్టీ పేరు పెట్టుకున్నరు, దాచుకునుడు లేదు. ఈ పద్ధతి నాకు మస్తు నచ్చింది. నేను నిష్పక్షపాతం అని చెప్పుకుంట లోపట ఒక పార్టీకి పనిచేసుడు కంటే ఇది నయం, చదివేటోనికి తను ఎవరి మాట వింటున్నడో తెలుస్తది. మిచెల్ అనే ఆయన 1846లో తెచ్చిన పేపర్ల డైరెక్టరీల ఏది లిబరల్, ఏది కన్జర్వేటివ్, ఏది న్యూట్రల్ అని రాసే పెట్టిండు, యాడ్స్ ఇచ్చేటోళ్ల కోసం.

సైటు వాడకం గురించి. వెతుకుడు ఫ్రీ, రెండు మూడు లైన్లు చూపిస్తది, పేజీ తెరవాలంటే పైసలు. ధర పౌండ్లల్ల ఉంటది కాబట్టి మనకు బరువే, నెలకు తీసుకొని లీవులు ఉన్నప్పుడు కూసుంటే గిట్టుబాటు. 2021 నుంచి కొన్ని లక్షల పేజీలు ఫ్రీగ కూడ పెట్టిండ్రు, ముందు అవి చూసుకోండ్రి. మిషను చదివిన అక్షరాలు కాబట్టి అచ్చు మసకగున్న కాడ పేర్లు తప్పు పడతయి, వాటిని మనమే దిద్దొచ్చు. ఫోన్‌ల మాత్రం వద్దు, అంత పెద్ద పేజీల అంత సన్న అక్షరాలు కండ్లు పోతయి. పేరు కొట్టి వెతికితే ముక్క దొరుకుతది గాని దాని పక్క వార్తలు, ఎడిటోరియల్ ఏమన్నదో తెల్వది, అందుకే పేపర్ పేరు పట్టుకొని తేదీతోని పోండ్రి. నిజాం దివాన్ సాలార్ జంగ్ 1876లో ఇంగ్లండ్ పోయిండు గదా, ఆ ఎండాకాలం పేజీలు తీయండ్రి, మన హైదరాబాద్ గురించి వాళ్లు ఏమనుకుంటున్నరో చూడొచ్చు.

1922లో మన నల్గొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నడిపిన నీలగిరి పత్రిక, సురవరం ప్రతాపరెడ్డి 1926లో పెట్టిన గోలకొండ పత్రిక కూడ ఇట్ల తేదీ కొట్టంగనే ప్రతి పేజీ తెరుచుకునేటట్టు కావాలని నాకు మస్తు ఆశ. జిల్లా లైబ్రరీల పెద్ద స్క్రీన్ ఒకటి పెట్టి ఈ రెండు, ఆ లీడ్స్ రెండు కలిపి చూపిస్తే మన జర్నలిజం పిల్లలకు ఇంక క్లాసే అక్కర్లేదు.

రేటింగ్ ఐదుకు నాలుగు, ఆ ఒక్కటి తగ్గింది ధరకే. కొత్తగ తీసుకునేటోళ్లు 1872 ఆగస్టు 15 తోని మొదలుపెట్టండ్రి, బ్రిటన్‌ల రహస్య ఓటు చట్టం వచ్చినంక మొదటి ఉపఎన్నిక ఆ రోజు యార్క్‌షైర్‌లనే, పాంట్‌ఫ్రాక్ట్‌ల జరిగింది, లిబరల్ చిల్డర్స్ గెల్చిండు. ఆ వారం మెర్క్యురీ ఒక ట్యాబ్‌ల, యార్క్‌షైర్ పోస్ట్ ఇంకో ట్యాబ్‌ల.