రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి విశాఖ వెళ్ళాం, ఐదుకి నాలుగు స్టార్లు

మాది పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. అయినా మా రేషన్ కార్డు ఒడిశాది కాబట్టి ఆరోగ్యశ్రీ రాదు, ఒడిశా కార్డేమో ఈ హాస్పిటల్లో తీసుకోలేదు. చేతి డబ్బు పెట్టుకుని చూపించుకున్నవాళ్ళ రివ్యూ అనుకుని చదవండి.

అమ్మకి 61 ఏళ్ళు. ఎడమ రొమ్ములో రెండు సెంటీమీటర్ల పైచిలుకు గడ్డ. ముందు మా వైపే ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే అక్కడి డాక్టరు గారు స్కానింగ్ చూసి "మొత్తం తీసేద్దాం, బుధవారం జాయిన్ చేయండి" అని నాతో అన్నారు. బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, కూడా కాలేదు అప్పటికి. అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది, ఆవిడ వైపు తల కూడా తిప్పలేదాయన.

విశాఖలో మొదటి రోజు టోకెన్ 43. పొద్దున్న ఎనిమిదికి వెళ్తే లోపలికి పిలిచేసరికి రెండున్నర అయింది, కూర్చోడానికి కుర్చీలు చాలవు, ఫ్యాను ఒకటి తిరగదు. కానీ లోపలికి వెళ్ళాక మాత్రం అరగంట పైనే మాట్లాడారు. బయాప్సీలో హార్మోన్ పాజిటివ్ (ఒంట్లో హార్మోన్లతో పెరిగే రకం), హెర్ 2 నెగెటివ్ (హెర్ 2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేని రకం) అని వచ్చింది. సర్జన్ గారు తెల్లకాగితం మీద బొమ్మ గీసి రెండు దారులు చెప్పారు. ఒకటి, గడ్డా దాని చుట్టూ కొంచెమూ తీసి రొమ్ము ఉంచడం, కానీ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవాల్సిందే, 15 సిట్టింగులు, వారానికి ఐదు చొప్పున మూడు వారాలు. రెండోది మొత్తం తీసేయడం, చంకలో లింఫ్ గ్రంథులకి పాకకపోతే కరెంటు అక్కర్లేకపోవచ్చు, పాకితే అప్పుడూ పెట్టాల్సి రావచ్చు. ఆయుష్షుకి మాత్రం రెండూ ఒకటేనట, అమెరికాలో, ఇటలీలో 20 ఏళ్ళు గమనించి 2002లోనే ఫలితాలు వేశారని చెప్పారు. ఉంచుకున్న రొమ్ములో మళ్ళీ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుందని కూడా దాచకుండా చెప్పారు.

"మొత్తం తీసేస్తే కీమో తప్పుతాదా బాబూ?" అని అడిగింది అమ్మ. మా వీధిలో అందరూ అలాగే అనుకుంటారు. అలా ఏం లేదమ్మా, కీమో కావాలా వద్దా అన్నది గడ్డ గుణాన్ని బట్టి, చంకలోకి పాకిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది గానీ ఎంత కోశామన్నదాన్ని బట్టి కాదు అన్నారు.

నేను అప్పటికే ఫోన్లో చదివేసి రొమ్ము ఉంచడమే మంచిదని నిర్ణయించేశాను. తమ్ముడిదీ అదే మాట. సర్జన్ గారు మా ఇద్దర్నీ బయట కూర్చోమని, కౌన్సెలర్ మేడమ్‌ని పిలిచి అమ్మతో విడిగా మాట్లాడించారు. నాకు ఒళ్ళు మండింది, నిజం చెప్తున్నా. ఇరవై నిమిషాల తర్వాత అమ్మ బయటికొచ్చి మొత్తం తీయించుకుంటానంది. "రోజూ తడుముకుంటూ బతకలేనే. మీ నాన్నని మూడు వారాలు ఎవరు చూస్తారు?" అంది. నాన్నకి పక్షవాతం. ఆ లెక్క నా ఫోన్లో లేదు.

పక్క బెడ్ రాయగడ టీచరమ్మ, నలభై లోపే ఉంటుంది, ఆవిడ రొమ్ము ఉంచుకుని కరెంటు కోసం విశాఖలోనే గది అద్దెకి తీసుకుంది. ఆవిడకి అదే నప్పింది.

ఆపరేషన్ బాగా చేశారు. చంకలోకి పాకలేదు, కరెంటు తప్పింది, కీమో కూడా పడలేదు. హార్మోన్‌ని తగ్గించే లెట్రోజోల్ మాత్ర రోజుకొకటి, ఐదేళ్ళు.

ఇక ఒక స్టార్ ఎందుకు తీశానంటే: సంతకం పెట్టమని ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే, పైగా నర్సమ్మ పెన్ను నాకిచ్చింది. అమ్మ లాక్కుని ఒడియాలో పెట్టింది, చదువు పర్లాకిమిడిలోనే కదా. ఇంకోటి, రొమ్ము మళ్ళీ కట్టే సర్జరీ సంగతి నేను ఎత్తితే ఒక జూనియర్ డాక్టరు "ఈ వయసులో ఎందుకులెండి" అని నవ్వేశాడు. పెద్ద డాక్టరు అంత ఓపిగ్గా అడిగిన చోట ఇతగాడు ఇలా! లోపల ప్యాడ్ పెట్టుకునే బ్రాలు దొరుకుతాయని కూడా ఎవరూ చెప్పలేదు, మా ఊరి టైలరే జాకెట్టు లోపల దూదికి జేబు కుట్టి ఇచ్చాడు.

గుణుపూర్ ప్యాసింజర్లో వస్తూ అమ్మ ఆ జూనియర్‌ని తలుచుకుని "వద్దనే అందును, కానీ అడగాల కదే" అంది.

వెళ్ళేవాళ్ళు రిపోర్టులు రెండేసి జిరాక్సులు తీసుకెళ్ళండి, కింద షాపులో కాపీకి పది రూపాయలు గుంజుతున్నాడు. ఒంటిగంట దాటితే క్యాంటీన్‌లో భోజనం ఉండదు, పులిహోర కట్టుకెళ్ళండి.