మియావో వెండి నగలు: షీజియాంగ్‌లో ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మియావో తెగ ఆడపిల్లల వెండి పదిమందిలో మోగాల్సిన నగ. చైనాలోని గుయ్‌జౌ రాష్ట్రం, తాయ్‌జియాంగ్‌లో చాంద్రమానం మూడో నెల పున్నమికి జరిగే అక్కచెల్లెళ్ల అన్నం పండుగలో నిలువెల్లా వెండి దిగేసుకుని డప్పు చుట్టూ అడుగులేస్తారు. మనసుపడ్డ అబ్బాయి రంగుల జిగురన్నం అడుగుతాడు. ఆమె ఇచ్చిన అన్నం మూటలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) జతగా ఉంటే పిల్లకి ఇష్టమే. మిరపకాయో వెల్లుల్లో తగిలితే ఆశ వదులుకోవాలి. పైన్ ఆకులుంటే సూదులు, పట్టుదారం తెచ్చిమ్మని.

ఈ నగల కోసం అందరూ వెళ్లేది లెయ్‌షాన్ జిల్లాలోని షీజియాంగ్‌కి. అక్కడి వీధి దుకాణాల్లో 'మియావో యిన్' అని రాసి ఉన్నవాటిని నమ్మకండి. యిన్ అంటే వెండే గానీ, బజారులో అది నగ తీరుకి పేరు, లోహానికి కాదు. చాలావరకు తెల్లరాగి, అంటే రాగిలో నికెల్ కలిపింది. చెవులకి పెడితే కొందరికి దద్దుర్లొస్తాయి. 'జూయిన్' ముద్ర ఉంటే వెయ్యికి కనీసం 990 పాళ్లు వెండి. ఎస్925 ఉంటే 925 పాళ్లు.

వెండో తెల్లరాగో తేల్చడానికి అయస్కాంతం పనికిరాదు, రెండూ అంటుకోవు. చిన్న త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నా చేసి, నగని దారంతో అడుగు తగలకుండా ముంచండి. 30 గ్రాముల వెండికి 2.9 గ్రాములు, తెల్లరాగికి 3.4 దాకా చూపిస్తుంది. బోలు నగలో గాలి ఉండిపోతే లెక్క తప్పుతుంది.

మా ఓటు అదే జిల్లాలోని కొంగ్‌బాయ్ కంసాలుల సీతాకోకచిలుక జడపిన్నుకి. మియావోల పురాణంలో సీతాకోకచిలుకే ఆదిమాత మరి. మూసలో కరిగించిన వెండిని సాగగొట్టి, కమ్మచ్చులో తీగ తీసి, రెండు పోగులు పేని రెక్కలు అల్లుతారు. దెబ్బలకి వెండి బిరుసెక్కుతుంది. మధ్యమధ్య కాల్చకపోతే పగులుతుంది. వెలిగారం వేసి అతికి, పటిక నీళ్లలో మరిగిస్తే తెలుపొస్తుంది. సీతాకోకచిలుకని స్ప్రింగు తీగ మీద నిలబెడతారు కాబట్టి నడిస్తే రెక్కలు వణుకుతాయి. పోతపోసిన నకలు కదలదు, అంచున అచ్చు గీత కనిపిస్తుంది.

గ్రాము ధర, మజూరి విడివిడిగా అడగండి. తీగపనికి మజూరి వెండి ధరని మించినా న్యాయమే. కొనేముందు అతుకులు చూడండి, టంకం ఎక్కువైన చోటే ముందు నల్లబడుతుంది. కొమ్ముల కిరీటం మాత్రం ప్రయాణంలో ఉన్నవాళ్లు కొనొద్దు. పల్చటి రేకు, పెట్టెలో నలిగితే మడత పోదు.