పరమాణు ద్రవ్యరాశి లెక్కకు కోఠీలో కొన్న డిజిటల్ త్రాసు

మెగ్నీషియం సాపేక్ష పరమాణు ద్రవ్యరాశిని (ఇతర పరమాణువులతో పోలిస్తే దాని పరమాణువు ఎంత బరువో చెప్పే సంఖ్యను) మా తొమ్మిదో తరగతి పిల్లలే స్వయంగా తూచి, లెక్కగట్టి చెప్పాలన్న కోరికతో, కోఠీలో ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో 200 గ్రాముల వరకు తూచే డిజిటల్ త్రాసును 1,450 రూపాయలకు కొన్నాను. అది 0.01 గ్రాము వరకు చూపుతుందన్న మాట నిజమే. అయితే ఆ చివరి అంకెను ఎంతవరకు నమ్మవచ్చన్న దానిపైనే ఈ ప్రయోగమంతా ఆధారపడి ఉంది.

లెక్క తేలికే. 0.24 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్‌ను మూసలో (వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో) పూర్తిగా కాల్చితే 0.40 గ్రాముల ఆక్సైడ్ రావాలి; పెరిగిన 0.16 గ్రాములు ఆక్సిజన్‌వి. ఆక్సైడ్‌లో పరమాణువులు ఒకటికి ఒకటి చొప్పున ఉంటాయి కనుక 0.24ను ఆక్సిజన్ పరమాణు ద్రవ్యరాశి అయిన 16తో గుణించి 0.16తో భాగిస్తే 24 వస్తుంది. సూత్రాన్ని పొరపాటుగా రెండు మెగ్నీషియంలకు ఒక ఆక్సిజన్‌గా రాసుకున్న ఒక అమ్మాయికి 12 వచ్చింది. సంయోజకత (ఒక పరమాణువుకు ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యం) ఎందుకు తెలియాలో అరగంట పాఠం కంటే ఆ 12 బాగా చెప్పింది. చిక్కంతా తూకంలో ఉంది. త్రాసు 0.40కి బదులు 0.39 చూపితే జవాబు 25.6కు ఎగబాకుతుంది, 0.41 చూపితే 22.6కు పడిపోతుంది.

అందుకని మరుసటి వారం 1.20 గ్రాముల రిబ్బన్ తీసుకుని, తెల్లటి పొగ బయటికి పోకుండా మూతను అప్పుడప్పుడు కొద్దిగా మాత్రమే ఎత్తుతూ కాల్చాము. ఆక్సైడ్ 1.95 గ్రాములు తూగింది, అంటే మళ్లీ 25.6. గాలిలోని నైట్రోజన్‌తో కొంత నైట్రైడ్ కూడా ఏర్పడుతుంది కనుక, దాన్నీ ఆక్సైడ్ చేయడానికి చల్లారిన మూసలో నాలుగు నీటి చుక్కలు వేసి తిరిగి వేడిచేయగా, సన్నగా అమ్మోనియా వాసన వచ్చింది, తూకం 1.98కి చేరింది, జవాబు 24.6 అయింది. అసలు విలువ 24.3 అని బోర్డుపై రాసినప్పుడు పిల్లల ముఖాలు చూడవలసింది.

త్రాసుకు లోపాలు లేకపోలేదు. ఫ్యాను తిరుగుతుంటే అంకె నిలవదు. సరిచూసుకోవడానికి తూకపు రాయి పెట్టెలో లేదు. అడిగితే విడిగా కొనుక్కోమన్నారు, ఇది నాకు నచ్చలేదు. గ్రాముకు మించిన నమూనాలతో పనిచేసే బడికి ఈ త్రాసు ధరకు తగినదే. అంతకంటే తక్కువ పదార్థంతో ప్రయోగం చేయించేవారు మరికొంత డబ్బు పెట్టి 0.001 గ్రాము చూపే త్రాసునే కొనాలి.