కార్బైన్ల పుట్టిళ్లు చూసి వచ్చాం: కనెక్టికట్ లోయలో మూడు రోజులు

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ సైనిక కార్బైన్లు సేకరించడం మొదలుపెట్టిన ఐదేళ్లలో నేను చేసిన పెద్ద పొరపాటు, వాటి పుట్టిళ్లు చూడకుండానే వాటిని కొనడం. గుర్రం మీద ఉన్నవాడు ఒక చేత పగ్గం వదలకుండా వాడుకునేందుకు వీలుగా గొట్టం కురచగా చేసిన తుపాకీని కార్బైన్ అంటారు. 1898లోనూ అంతకు ముందూ తయారైన వాటిని ఫెడరల్ చట్టం పురాతన వస్తువులుగానే చూస్తుంది కనుక కొనడం సులభమే. మోసపోవడం అంతకన్నా సులభం. ఆ భయంతోనే పోయిన సెప్టెంబరులో, నేనూ మా ఆవిడా ఫిలడెల్ఫియా నుంచి కారులో హార్ట్‌ఫర్డ్ బయలుదేరాం. దారిలోకి పులిహోర కట్టుకున్నాం.

హార్ట్‌ఫర్డ్ చేరేవారికి హైవే మీద నుంచే, రివాల్వర్లకు పేరుపడ్డ కోల్ట్ కర్మాగారపు నీలి గుమ్మటం కనిపిస్తుంది. వాడ్స్‌వర్త్ ఎథీనియంలోని కోల్ట్ వస్తువులు చూడముచ్చటగా ఉన్నాయి గానీ, నగిషీ చెక్కిన రివాల్వర్ల మీద ఆసక్తి ఉన్నవారికే టికెట్టు డబ్బు గిట్టుబాటవుతుంది. శాసనసభ భవనానికి ఎదురుగా, స్టేట్ లైబ్రరీలో ఉన్న కనెక్టికట్ చరిత్ర మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు, రద్దీ కూడా లేదు. ఇక్కడే తయారైన షార్ప్స్ కార్బైన్ అంత విరివిగా ఎలా తయారైందో ఈ ఊళ్లో తిరిగితే అర్థమవుతుంది. మీట కిందికి లాగగానే గొట్టం వెనుక భాగాన్ని మూసే ఉక్కు దిమ్మ జారుతుంది, కాగితపు తూటా పెట్టి మీట పైకెత్తగానే ఆ దిమ్మ అంచే కాగితం తోక కోసేస్తుంది. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం ఇలాంటివి దాదాపు 80,000 కొన్నది. పక్కనే ఉన్న మాంచెస్టర్‌లోని పట్టు మిల్లులో పనిచేసిన క్రిస్టఫర్ స్పెన్సర్, బట్ (భుజానికి ఆనించే కర్ర) లోపలి గొట్టంలో ఏడు తూటాలు పట్టే తుపాకీ కనిపెట్టి, 1863 ఆగస్టులో లింకన్ చేతనే పేల్పించాడు.

మర్నాడు మిడిల్‌టౌన్ వెళ్లాం. తెలుగువారికి ఆ ఊరు సత్యనారాయణ స్వామి గుడి ఉన్న ఊరుగానే తెలుసు. అమెరికా ప్రభుత్వం స్వీకరించిన మొదటి పెర్కషన్ (చెకుముకి రాయి బదులు చిన్న మందు టోపీని సుత్తి కొట్టి పేల్చే) ఆయుధమైన 1833 నాటి హాల్ కార్బైన్‌ను సిమియన్ నార్త్ తయారు చేసిందీ ఈ ఊళ్లోనే. అయితే ఒక్క కార్బైన్ కోసమే అంత దూరం వెళ్లనక్కర్లేదు; దర్శనం కూడా కలిసి వస్తుందంటే తప్పక వెళ్లండి.

యాత్ర మొత్తానికీ నిజమైన ఫలం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దొరికింది. హార్ట్‌ఫర్డ్‌కు ఉత్తరాన సుమారు 25 మైళ్లలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ 1794 నుంచి 1968 దాకా ప్రభుత్వ ఆయుధాలు తయారు చేసింది. ఇప్పుడది కాలేజీ ఆవరణలో ఉన్న జాతీయ చారిత్రక స్థలం, ప్రవేశం ఉచితం. ఒక నమూనాను తడుముతూ పోయే చక్రం వెంటే కోత చక్రం తిరిగి, వంకర టింకర వాల్‌నట్ కర్రను అచ్చంగా అదే ఆకారంలో చెక్కే బ్లాంచర్డ్ లేత్ ముందు నేను అరగంట నిలబడ్డాను. అక్కడి రేంజరు ఓపిక నన్ను ఆశ్చర్యపరచింది. 1873 మోడల్ 'ట్రాప్‌డోర్' కార్బైన్ గొట్టం 22 అంగుళాలనీ, పెట్టె మూతలా పైకి లేచే దాని దిమ్మ ఎలా పనిచేస్తుందో, ఒకటికి రెండుసార్లు వివరించాడు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో స్థానిక అమెరికన్ తెగల చేతిలో ఓడిన కస్టర్ అశ్వదళం చేతిలో ఉన్నవి ఇవే. రాగి తూటా తొడుగులు ఇరుక్కుపోవడం వల్లే వాళ్లు ఓడారన్న మాట ప్రచారంలో ఉంది గానీ, 1983లో అక్కడి గడ్డి తగలబడ్డాక జరిగిన తవ్వకాల్లో అలా పెకలించి తీసిన తొడుగులు కొద్దిగానే దొరికాయి.

బస విషయానికి వస్తే, మొదటి రాత్రి హైవే పక్కన చవక మోటెల్‌లో దిగి పశ్చాత్తాపపడ్డాం. పొగాకు వాసనకు తోడు, గది మార్చమంటే కౌంటరులోని అబ్బాయి తల కూడా ఎత్తలేదు. రెండో రాత్రి చిన్న ఊళ్లో ఒక వృద్ధ దంపతుల ఇంట్లో దిగాం. అద్దె దాదాపు రెట్టింపైనా పొద్దున్నే వాళ్లు పెట్టిన వేడి వేడి ఉపాహారానికీ ఆ ఆదరణకూ అది ఎక్కువనిపించలేదు.

మూడో రోజు దారిలో జరుగుతున్న ఒక పాత ఆయుధాల ప్రదర్శనలో ఆగాం. ఒక బల్ల మీద 1873 కార్బైన్, ధర 1,800 డాలర్లు. దాని మీది సీరియల్ నంబరు బాగానే ఉంది. అయితే రైఫిళ్లకూ కార్బైన్లకూ ఒకే వరుసలో నంబర్లు వేశారు కనుక అది కార్బైనో రైఫిలో నంబరుతో తేలదు. నేను డబ్బు లెక్కపెట్టుకుంటుండగా పక్కనున్న పెద్దాయన చిన్న టార్చి తీసి, ముందు కర్ర అడుగున వెలుగు వేశాడు. రైఫిల్‌కు గొట్టం కింద శుభ్రపరచే కడ్డీ ఉంటుంది, దానికోసం కర్రలో గాడి ఉంటుంది; కార్బైన్‌కు ఆ గాడి ఉండదు. ఇక్కడ ఆ గాడి ఉన్నచోట సన్నని వాల్‌నట్ బద్ద అతికించి ఉంది. వెలుగు అడ్డంగా పడితే తప్ప ఆ అతుకు గీత కనిపించదు, గోటితో గీకితే మాత్రం తగులుతుంది. రైఫిల్‌ను కోసి, ఎడమ పక్కన జీను కడియం బిగించి, కార్బైన్ చేశారన్నమాట. అమ్మేవాణ్ణి అడిగితే తనకు కూడా తెలియదన్నాడు, ధర మాత్రం తగ్గించలేదు. చివరికి నేను కొన్నది ఒక బర్న్‌సైడ్ కార్బైన్ ఇత్తడి తూటా తొడుగు. అచ్చం శనగల పొట్లం ఆకారంలో, అడుగున నిప్పు రవ్వ దూరేందుకు సూది బెజ్జంతో ఉంటుంది.

ఇంటికి చేరిన రాత్రే, ఐదేళ్ల క్రితం మొదటిసారి కొన్న నా 1873 కార్బైన్‌ను గోడ మీద నుంచి దించి, సెల్‌ఫోన్ వెలుగు అడ్డంగా పట్టి చూశాను. గోటికి గీత తగిలింది. సేకరణ పుస్తకంలో ఆ వరుస కొట్టేసి, 'కోసిన రైఫిల్' అని రాసుకున్నాను.