రౌటర్ లాక్ అయింది, సెట్టింగ్‌లు కావాలి: సీరియల్ కన్సోలా, చిప్ క్లిప్పా?

సొంత రౌటరే, కానీ అడ్మిన్ పాస్‌వర్డ్ లేదు. ఇంటర్నెట్ లాగిన్, వీల్యాన్ (నెట్‌వర్క్‌ని విడి భాగాలుగా చేసే) నంబర్లు అందులోనే ఉండిపోయాయి. ఇలాంటప్పుడు రీసెట్ బటన్ జోలికి అస్సలు వెళ్లొద్దు. లోపలికి దారి దొరకొచ్చు గానీ, మనకు కావాల్సిన సెట్టింగ్‌లే చెరిగిపోతాయి.

తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఫైల్‌ని బిన్‌వాక్ అనే టూల్‌తో విప్పితే డీఫాల్ట్ సెట్టింగ్‌లు, ఒక్కోసారి బ్యాకప్ ఫైల్ తాళం తీసే కీ దొరుకుతాయి. మన సెట్టింగ్‌లు అందులో ఉండవు. అవి పరికరంలోని ఫ్లాష్ చిప్‌లో, సాధారణంగా విడి పార్టిషన్‌లో (చిప్‌లో వేరుగా కేటాయించిన భాగంలో) ఉంటాయి. కాబట్టి అసలు పోటీ మిగతా రెండు దారుల మధ్యే: బోర్డు పిన్నులకు వైర్లు కలిపి కంప్యూటర్ నుంచి రౌటర్‌తో మాట్లాడే సీరియల్ కన్సోల్, చిప్ కాళ్లకు క్లిప్ తగిలించి నేరుగా చదవడం.

సీరియల్ కన్సోల్‌కి ఖర్చు తక్కువ, ప్రమాదమూ తక్కువ. బోర్డు మీది పిన్నుల్లో గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది) కలిపితే చాలు, వీసీసీ (పవర్ పిన్) వద్దు. చాలా రౌటర్లలో 3.3 వోల్టులు, స్పీడ్ సెకనుకు 115200 బిట్లు. బూట్ లాగ్ (ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సందేశాలు) చూస్తేనే పార్టిషన్ల వరస చాలాసార్లు తెలిసిపోతుంది. యూ-బూట్ (రౌటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) దగ్గర ఆపగలిగితే బూట్ ఆర్గ్యుమెంట్లు (లేచేటప్పుడు ఇచ్చే సూచనలు) మార్చి నేరుగా షెల్‌లోకి, అంటే కమాండ్లు టైప్ చేసే చోటికి, వెళ్లొచ్చు. ఆ మార్పుని సేవ్ మాత్రం చేయకండి. చిక్కేమిటంటే, లాక్ చేసినవాటిలో బూట్ డిలే (మధ్యలో ఆపడానికి దొరికే వ్యవధి) తీసేస్తారు, లేదా ఆర్ఎక్స్ లైన్‌నే మూసేస్తారు. యూ-బూట్ దొరికినా, మెమరీని చూపించే ఎండీ కమాండ్‌తో 16 ఎంబీని హెక్స్ అంకెలుగా తెరమీదికి లాగడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది.

ఎనిమిది కాళ్ల ఎస్‌పీఐ ఫ్లాష్ (కొద్ది లైన్లతోనే చదవగలిగే మెమరీ చిప్) కనబడితే నా ఓటు క్లిప్‌కే. పాస్‌వర్డ్‌తో పని లేదు, చదవడం వల్ల చిప్‌లో ఏదీ మారదు. అయితే చవక సీహెచ్341ఏ ప్రోగ్రామర్లలో (క్లిప్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరాల్లో) కొన్ని, డేటా లైన్లలో 5 వోల్టులు పంపుతాయి. ముందు మీటర్‌తో కొలవండి. రౌటర్ పవర్ తీసేసి, ఫ్లాష్‌రోమ్ అనే టూల్‌తో రెండుసార్లు చదివి హ్యాష్‌లు (ఫైల్ నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్యలు) పోల్చండి. తేడా వస్తే క్లిప్ సరిగ్గా కూర్చోలేదు, లేదా బోర్డు మీది ప్రాసెసర్ కూడా మేలుకుని అడ్డుపడుతోంది.

సెక్యూర్ బూట్ ఉందని టెన్షన్ పడక్కర్లేదు. అది సాఫ్ట్‌వేర్ మీది డిజిటల్ సంతకం సరిచూస్తుందే తప్ప, దానంతట అది డేటాని దాచదు. నాండ్ చిప్ (మరో రకం ఫ్లాష్) అయితే ఈసీసీ (తప్పులు దిద్దే అదనపు డేటా), బ్యాడ్ బ్లాక్‌ల (పాడైన భాగాల) లెక్క తేల్చుకోవాలి, ఓపిక కావాలి. డేటానే ఎన్‌క్రిప్ట్ చేసి, కీ ప్రాసెసర్ లోపల ఉంచితే మాత్రం క్లిప్‌తో వచ్చేది చదవలేని చెత్తే. అక్కడ నడుస్తున్న పరికరంలో షెల్ సంపాదించాల్సిందే, అంటే మళ్లీ సీరియల్ కన్సోలే.